శిబిరం అయిపోయింది, బస్సు ఎక్కుదామా?

ఏడు రోజులు ఊళ్లో ఉండి, కాలువల్లో పూడిక తీసి, ఇంటింటికీ తిరిగి సర్వే రాసి, బడి గోడలకు సున్నం వేసి, రాత్రిళ్లు ఒకే హాల్లో చాపలు పరుచుకుని పడుకున్న యాభై మంది ఎనిమిదో రోజు విహారయాత్ర బస్సెక్కగానే ఎందుకు అలుగుతారు? మీరు జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఒక కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ బృందాన్ని నడిపే అధ్యాపకులైతే ఈ ప్రశ్న మీకు కొత్త కాదు. ఆ బృందంలో పెద్దరికం నెత్తిన పడ్డ విద్యార్థికీ కొత్త కాదు. వరద సాయానికి వెళ్లొచ్చిన యువజన సంఘానికైనా, మేడారం జాతరలో జనానికి తోవ చూపించిన వలంటీర్లకైనా, చర్చి తరఫున మందుల శిబిరం పెట్టి వచ్చినవాళ్లకైనా ఇదే ఎదురవుతుంది. "ఇన్ని రోజులు మంచిగనే ఉన్నరు గదా, ఇయ్యాల ఏమైంది వీళ్లకు?" అని మీరు తల పట్టుకుంటారు. వాళ్లకేమీ కాలేదు. నిన్నటిదాకా వాళ్లను కలిపి ఉంచిన పని ఇవాళ లేదు, అంతే.

శిబిరంలో ఏం చేయాలో పనే చెబుతుంది. కాలువ పూడిపోయి ఉంది, తీయాలి. నీకు ఇష్టమా, నాకు ఇష్టమా అన్న ప్రశ్నే రాదు. ఎవరు పార పట్టాలి, ఎవరు తట్ట మోయాలి అన్నదొక్కటే మిగులుతుంది. విహారంలో అలా చెప్పే పని ఏదీ ఉండదు. అక్కడ నడిపించేది ఇష్టం, అది యాభై మందికి యాభై రకాలు. ఒకరికి గుడి కావాలి, ఇంకొకరికి జలపాతం, మరొకరికి బిర్యానీ, ఇద్దరికి నిద్ర. ఎన్‌ఎస్‌ఎస్ అనే జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దానితో పాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని పద్ధతి. 'నేను కాదు, నువ్వు' దాని నినాదం. పార పట్టినప్పుడు అంతకన్నా మంచి మాట లేదు. కానీ విహారంలో 'నేను' తిరిగి వస్తుంది, రావాలి కూడా. వారం రోజులు పక్కన పెట్టిన సొంత ఇష్టాన్ని మళ్లీ తీసి చూసుకునే రోజది. సేవలో కలిసి పనిచేసినవాళ్లు యాత్రలోనూ వాళ్లంతట వాళ్లే కలిసిపోతారని అనుకోవడమే మనం చేసే పొరపాటు. అదే మనుషులతో రెండో బృందాన్ని కొత్తగా కూర్చుకోవాలి. దాని డబ్బు, దాని సమయం, దాని పెద్ద, అన్నీ వేరుగా ఉండాలి.

అసలు వెళ్లడమే తప్పనేవాళ్లు ఉంటారు. "సేవకు పోయి షికారా?" అన్న మాట చిన్నది కాదు, దాన్ని దాటవేయకండి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, సైన్యం హెలికాప్టర్లు వచ్చాయి. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఆకేరు వాగు మరిపెడ మండలంలో తండాలను ముంచింది. అలాంటి చోట బురద ఎత్తిపోసి, తడిసిన బియ్యం బయట పారబోసి, ఆ పక్క రోజే జలపాతం కింద కేరింతలు కొట్టడం ఎవరికైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయినా ఇంకో వైపు చూడండి. ఆ బురద ఎత్తింది పంతొమ్మిదేళ్ల పిల్లలు. పని ముగిసిన వెంటనే ఎవరింటికి వాళ్లు చెల్లాచెదురైతే, ఆ బృందం గురించి వాళ్లకు గుర్తుండేది అలసట, వాసన, ఏడ్చే ముఖాలు. వచ్చే ఏడు పిలిస్తే ఎందరు వస్తారు? పని చేసిన చేతులకు విశ్రాంతి హక్కు, దాన్ని నలుగురితో కలిసి తీసుకోవడంలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ పుడుతుందంటే, ఊరి పేరు మీద వచ్చిన డబ్బుతో వెళ్లినప్పుడు, ఊరి కళ్ల ముందు నుంచే ఈలలు వేస్తూ బయల్దేరినప్పుడు. రెండూ మన చేతిలో ఉన్నవే.

1. డబ్బు సంచులు రెండు పెట్టండి

శిబిరానికి వచ్చిన గ్రాంటు, దాతలిచ్చిన బియ్యం, నూనె, ఊరి పెద్దలు చేతిలో పెట్టిన నోట్లు, ఇవన్నీ ఒక సంచి. యాత్రకు మీరు పోగుచేసుకున్నది ఇంకో సంచి. మొదటి దాంట్లో నుంచి రెండో దాంట్లోకి ఒక్క రూపాయి కూడా పోకూడదు. "మిగిలింది గదా సార్, డీజిల్‌కు వాడుకుందాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మిగిలితే లెక్క రాసి తిరిగి కట్టండి. 'సేవకు పోయి షికారా' అన్న మాటకు అంతకన్నా మంచి జవాబు ఉండదు.

అసలు చిక్కు రెండో సంచిలో ఉంది. తలా అయిదు వందలు అన్నారనుకోండి. శిబిరంలో అందరికన్నా ఎక్కువ మట్టి మోసిన కుర్రాడు మీ దగ్గరికి వచ్చి, "మా ఇంట్ల పెండ్లి ఉంది సార్, నేను రాను" అంటాడు. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు, అతని దగ్గర లేనిది అయిదు వందలు. శిబిరంలో అందరూ సమానం, ఎందుకంటే అక్కడ పెట్టుబడి ఒళ్లు. యాత్రలో పెట్టుబడి జేబు, అందులో ఎవరూ సమానం కారు. అందుకని ఖర్చు మొత్తాన్ని శిబిరం మొదలుకాకముందే చెప్పండి, చివరి రోజు కాదు. బృందంలో అందరికన్నా లేనివాళ్లు ఎంత ఇవ్వగలరో ఊహించి, ఆ మొత్తంలో ఎంత దూరం వెళ్లగలమో చూడండి. ముందు చోటు అనుకుని తర్వాత చందా వేయడం తిరగేసిన పని. డబ్బు ఒకే మనిషి దగ్గర, చాటుగా ఇచ్చేలా పెట్టండి. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్న జాబితా క్లాసులో చదవకండి, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి.

ఆడపిల్లలు ఉన్న బృందమైతే ఇంకో లెక్క ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. అద్దె బస్సు మాట్లాడిన క్షణంలో ఆ సున్నా కాస్తా వందల్లోకి మారుతుంది. పదిహేను, ఇరవై మంది ఉన్న బృందం మామూలు బస్సుల్లోనే పోయి రావచ్చు. పోనీ రైలు అంటారా? జనగామ సికింద్రాబాద్–కాజీపేట లైను మీద, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ లైను మీద ఉన్నాయి కాబట్టి ఆ రెండు బృందాలు వరంగల్ దాకా రైల్లో రావచ్చు. భూపాలపల్లికి రైలే లేదు. యాభై మంది అయితే అద్దె బస్సు తప్పదు, కానీ అప్పుడు కూడా రెండు లెక్కలూ వేసి పిల్లల ముందు పెట్టండి. లెక్క చూసి ఒప్పుకున్నవాళ్లు తర్వాత సణగరు.

2. మధ్యలో ఒక రాత్రి ఇంట్లో పడుకోనివ్వండి

ముగింపు సభ కాగానే అటునుంచి అటే బస్సెక్కించడం మన దగ్గర బాగా అలవాటైన పొరపాటు. మాసిన బట్టల సంచులు సీట్ల కింద, వారం రోజుల నిద్ర కళ్లలో, సన్మానాలూ ప్రసంగాలూ సాగీసాగీ బయల్దేరేసరికి మధ్యాహ్నం రెండు. అక్కడినుంచి ఏం చూస్తారు? ఇంటికి వెళ్లి, తలస్నానం చేసి, అమ్మ చేతి అన్నం తిని, ఒకటో రెండో రోజులాగి ఆదివారం పొద్దున బయల్దేరితే అదే యాత్ర వేరుగా ఉంటుంది. ఊళ్లోవాళ్ల ముందు నుంచి ఈలలు వేస్తూ వెళ్లే ఇబ్బంది కూడా దాంతోనే పోతుంది.

"ఇంటికి పోతే సగం మంది మళ్లీ రారు" అంటారు. నిజమే, కొందరు రారు. రానివాళ్లకు రావాలని లేదన్నమాట, వాళ్లను మనం ఇప్పటిదాకా మొహమాటంతో లాక్కెళ్తున్నాం. శిబిరానికి హాజరు ఉంటుంది, విహారానికి ఉండకూడదు. ఇష్టపడి వచ్చిన ముప్పై మందితో వెళ్లే యాత్ర, అలిగి కూర్చున్న ఇరవై మందిని కలుపుకున్న యాత్రకన్నా వెయ్యి రెట్లు నయం.

3. ఫొటో చూసి కాదు, నెల చూసి చోటు ఎంచుకోండి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే యాత్రలు చెడిపోవడం చాలావరకు ఇక్కడే. ములుగు జిల్లా వాజేడు మండలంలో బొగత జలపాతం ఉంది. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో భీముని పాదం జలపాతం ఉంది. ఫోన్లో తిరిగే వాటి ఫొటోలన్నీ వానాకాలం నాటివి. మన కాలేజీల శిబిరాలేమో ఎక్కువగా సంక్రాంతి దాటాక, పరీక్షలకు ముందు జరుగుతాయి. ఫిబ్రవరి చివర్లో అంత దూరం ప్రయాణం చేసి సన్నటి ధార చూసి, "గిదేనా?" అని నిట్టూర్చే బృందాలకు కొదవ లేదు. వరద సాయానికి వెళ్లిన బృందాల సంగతి దీనికి తలకిందులు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య ధార నిండుగా ఉంటుంది, కానీ మోరంచవాగును పొంగించిన వాన అడవి వాగులన్నిటినీ పొంగిస్తుంది. నిన్న వరదలో మనుషుల్ని బయటికి తెచ్చినవాళ్లు ఇవాళ మడుగులో దిగుతామంటే మీరు గట్టిగా వద్దనాలి. అటవీ శాఖవాళ్లు పెట్టిన కంచె దగ్గర బేరాలాడే అలవాటును ముందే తుంచేయండి.

చలి తగ్గి ఎండ ముదరకముందు వెళ్లేవాళ్లకు మన దగ్గర చోట్లకేం తక్కువ? భూపాలపల్లి బృందానికి గణపురం కోటగుళ్లు, ఆ పక్కనే గణపురం చెరువు. ప్రధాన ఆలయం చుట్టూ చిన్న చిన్న గుళ్లతో కాకతీయుల కాలం నాటి గుంపు అది. రామప్పకు వెళ్లే జనంలో పదో వంతు కూడా అక్కడ కనపడరు, కాబట్టి కూర్చుని చూడవచ్చు. అక్కడినుంచి రామప్ప దగ్గరే. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పునాది కింద ఇసుక, శిఖరంలో నీటిమీద తేలేంత తేలికైన ఇటుకలు. వారం రోజులు బడి గోడకు మరమ్మతు చేసి వచ్చినవాడికి ఆ ఇటుక సంగతి చెప్పి చూడండి, గైడు మాటలు వాడు వేరే చెవులతో వింటాడు. రేగొండ వైపు పాండవుల గుట్టల్లో ఆదిమానవులు వేసిన రాతి చిత్రాలున్నాయి. అక్కడికి మాత్రం పొద్దున్నే వెళ్లాలి, పదకొండు దాటితే రాయి కాలుతుంది. మహబూబాబాద్ బృందానికి కురవి వీరభద్రుడి గుడి, బయ్యారం చెరువు. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు అది. ఆమె వేయించిన శాసనంలోనే కాకతీయుల వంశావళి దొరుకుతుంది. కాలువ పూడిక తీసి బొబ్బలెక్కిన చేతులతో ఎనిమిది వందల ఏళ్ల కట్ట మీద నడవడానికి టికెట్ అక్కర్లేదు. జనగామ బృందానికి పెంబర్తి ఇత్తడి పనివాళ్ల వీధి ఉంది, పోతన ఊరు బమ్మెర ఉంది, సోమనాథుడి పాలకుర్తి ఉంది. ఆ పాలకుర్తిలోనే భూమి కోసం చాకలి ఐలమ్మ నిలబడింది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ఒరిగిన కడవెండి ఉంది. ఇవన్నీ ఒక్క జనగామ జిల్లాలోనివే, ఉదయం బయల్దేరితే చీకటి పడకముందే ఇల్లు చేరతారు.

ఇక సంఖ్య. రోజుకు రెండు చోట్లు, గట్టిగా అంటే మూడు. "రామప్ప, లక్నవరం, మేడారం, బొగత, వచ్చేటప్పుడు కాళేశ్వరం" అని ఒకరు కాగితం మీద రాసుకొస్తారు. యాభై మంది బస్సు దిగి, మూత్రశాల వెతుక్కుని, ఫొటోలు దిగి, మళ్లీ ఎక్కడానికే ఒక్కో చోట గంట పోతుంది. భూపాలపల్లి నుంచి కాళేశ్వరమే సుమారు 60 కిలోమీటర్లు. ఆ జాబితాతో వెళ్లినవాళ్లు చూసేది రోడ్డు. పైగా తాడ్వాయి, ఏటూరునాగారం అడవి రోడ్డులో అలసిన డ్రైవరుతో రాత్రి ప్రయాణం. ఈ ఒక్క కారణం చాలదా జాబితా చించేయడానికి?

4. బస్సులో ఓటింగ్ పెట్టకండి

శిబిరానికి పెద్ద ప్రోగ్రామ్ ఆఫీసర్, అంటే బృందాన్ని నడిపే అధ్యాపకుడు. యాత్రలో కూడా ఆయనే అన్నీ నిర్ణయిస్తే అది శిబిరం ఎనిమిదో రోజవుతుంది. ఎవరూ నిర్ణయించకపోతే, గొంతు పెద్దదైనవాడు నిర్ణయిస్తాడు. మధ్య దారి ఏమిటంటే, ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ యాత్రకు పెద్దలుగా ముందే ఎన్నుకోండి. శిబిరంలో నాయకులుగా ఉన్నవాళ్లు వీళ్లు కాకపోతే ఇంకా మంచిది, వాళ్లూ ఒకరోజు బరువు దించుకోవాలి కదా. చోటు, బయల్దేరే టైము, తిండి, ఈ మూడూ వాళ్లు అందరినీ అడిగి రెండు రోజుల ముందే ఖాయం చేయాలి. బస్సు కదిలాక మార్పు లేదు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ములుగు దాటాక "సార్, లక్నవరం పోదాం సార్, ఉయ్యాల వంతెన మీద ఫొటో దిగుదాం" అని వెనక సీట్లోంచి ఒక కేక వస్తుంది. పది గొంతులు కలుస్తాయి. మీరు "చేతులెత్తండి" అంటారు. ఇరవై ఎనిమిది చేతులు లేస్తాయి, బస్సు తిరుగుతుంది. మిగిలిన ఇరవై రెండు మందికి మీరు ఇచ్చిన మాట తప్పారు. వాళ్లు అందుకే అలిగారు, కిటికీ సీటు కోసం పెట్టుకునే గొడవ ఒక సాకు మాత్రమే.

ఇష్టాలు వేరైనప్పుడు ఓటుకన్నా ఖాళీ సమయం మేలు. చేరిన చోట రెండు గంటలు ఎవరి ఇష్టం వాళ్లకు వదిలేయండి. నలుగురు నలుగురుగా ఉండాలి, ఒంటరిగా పోకూడదు, ఫలానా చెట్టు దగ్గర ఫలానా టైముకు కలవాలి, ఇంతే షరతు. శిల్పం చూసేవాడు చూస్తాడు, కునుకు తీసేవాడు తీస్తాడు. గుడి దగ్గర ఇది మరీ అవసరం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. కొందరికది దర్శనం, కొందరికది చూడదగ్గ విశేషం. మీ బృందంలో చర్చికి వెళ్లే పిల్ల ఉంటుంది, నమాజు చేసే పిల్లవాడు ఉంటాడు, దేవుడంటే పట్టనివాడూ ఉంటాడు. వారం రోజులు ఒకే తట్ట మోసిన స్నేహం, పూజ లైనులో బలవంతంగా నిలబెట్టిన అరగంటలో చెడిపోవచ్చు. గోదావరి, ప్రాణహిత కలిసే ఒడ్డు అందరిదీ. లోపలికి వెళ్లేవాళ్లు వెళ్లి వస్తారు, మిగతావాళ్లు ఒడ్డున కూర్చుంటారు, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

"ఇన్ని పద్ధతులు పెడితే సరదా ఏముంటుంది? అనుకోకుండా పోవడంలోనే కదా మజా!" నలుగురు మిత్రులు రెండు బండ్లమీద పోతే ఈ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పు. వాళ్లు దారి మార్చుకుంటే నష్టపోయేది వాళ్లే. యాభై మందిలో అనుకోకుండా మారే ప్రతిదానికీ ఎవరో ఒకరు నష్టపోతారు, వాళ్లు ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవాళ్లే అయి ఉంటారు. ఇంటికి ఆరింటికి చేరతానని అమ్మకు చెప్పి వచ్చిన మహబూబాబాద్ అమ్మాయి రాత్రి పదకొండింటికి స్టేషన్లో దిగితే, ఆమెకు వచ్చే ఏడు శిబిరానికి కూడా అనుమతి ఉండదు. సరదాగా పోయిన అయిదు గంటలకు సేవ మూల్యం చెల్లిస్తుంది.

5. దూరం పోయినా సూత్రం ఇదే

ఈమధ్య వియత్నాం మాట బాగా వినపడుతోంది. సేవాపని మీద విదేశానికి వెళ్లిన బృందాలు పని అయ్యాక ఆ దేశం చూసి రావడమూ ఉంది. అక్కడా పొరపాట్లు ఇవే, ఖర్చు మాత్రం పెద్దది. మొదటిది వీసా. చూసిరావడానికి ఇచ్చే వీసా మీద ఏ పని చేయవచ్చో, చేయకూడదో పిలిచిన సంస్థను రాతపూర్వకంగా అడగండి, 'అందరూ ఇలాగే పోతారు' అన్న మాట నమ్మకండి. రెండోది జాబితా. ఉత్తరాన హనోయి నుంచి దక్షిణాన హోచిమిన్ నగరం వెయ్యి కిలోమీటర్లకు పైనే. ఆరు రోజుల్లో హనోయి, హాలాంగ్ బే, డా నాంగ్, హోయి ఆన్, హోచిమిన్ అన్నీ అంటే, మన రామప్ప–బొగత–కాళేశ్వరం కాగితమే విమానమెక్కిందన్నమాట. ఒక్క నడిమి ప్రాంతాన్ని పట్టుకోండి. హోయి ఆన్ దగ్గరి మై సన్‌లో చంపా రాజులు ఇటుకలతో కట్టిన శివాలయాల గుంపు ఉంది, 1999లో యునెస్కో జాబితాలో చేరింది. రామప్ప ఇటుకను చూసి వచ్చినవాళ్లు అక్కడ గంట ఎక్కువ నిలబడతారు. దగ్గరిది చూడకుండా దూరం వెళ్లడం నేరమేమీ కాదు, కానీ పోల్చుకోవడానికి ఇంటి దగ్గర ఒకటి ఉంటే దూరపు గుడి ఇంకా బాగా అర్థమవుతుంది.

6. ఫొటోలు, లెక్కలు

ఫొటోల గురించి ఒక్క మాట. బురదలో నిలబడ్డ ఇల్లూ, జలపాతం దగ్గర మీ నవ్వూ ఒకే రోజు ఒకే స్టేటస్‌లో పెట్టకండి. మోరంచపల్లివాళ్ల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వరద ఫొటోల్లో ఏడుస్తున్న మనిషి ముఖం ఉంటే అసలు పెట్టకండి.

లెక్కలు దిగేముందే చదవండి. బస్సు అద్దె, డ్రైవరు బత్తా, టీలు, భోజనం, పార్కింగ్, అన్నీ ఒక కాగితం మీద రాసి బస్సులోనే వినిపించండి. రెండు వేలు మిగిలాయనుకోండి, "శిబిరం చేసిన ఊరి బడికి ఇద్దాం" అని ఒక మంచి మనసు తప్పకుండా అంటుంది. చప్పట్లు కూడా పడతాయి. ఆ చప్పట్లలో, అప్పు చేసి అయిదు వందలు తెచ్చిన పిల్లవాడు కాదనలేడు. ఊరి డబ్బు యాత్రకు ఎలా రాకూడదో, యాత్ర డబ్బు అడగకుండా ఊరికి అలాగే పోకూడదు. ఇవ్వాలనుకున్నవాళ్లు తర్వాత విడిగా ఇస్తారు. ఎవరి నలభై రూపాయలు వాళ్లకు ఆ రాత్రే ఫోన్‌పేలో వేసేయండి.